పాపను ఏప్రిల్‌లో కాదు, జూన్‌లో తీసుకురండి

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమస్తా పని చేస్త. మా అక్క, బావ హైవే మీద యాక్సిడెంట్‌ల పోయినప్పుడు మేనకోడలికి ఎనిమిదేండ్లు. మా అమ్మ ఉన్నన్ని రోజులు సాకింది. ఆమె పోయినంక బాలల సంక్షేమ సమితి ద్వారా నల్లగొండ బాల సదనంల చేర్పించినం. సెలవులకు మా ఇంటికొస్తది. ఇప్పుడు ఇంటర్ సెకండియర్ పరీక్షలు రాస్తున్నది, డిగ్రీ చదువుతనంటున్నది. జూన్ రెండో వారంల 18 నిండుతయి. పరీక్షలు కాంగనే ఇంటికి తోల్కపొమ్మని సదనంవాళ్లు అంటున్నరు. కోర్టు ఇప్పించిన పరిహారం ఆమె పేరు మీద బ్యాంకుల ఉంది, వడ్డీతో కలిపి 6 లక్షల 20 వేలు అయిందట. ఆ పైసలతో యాదగిరిగుట్ట దిక్కు ప్లాటు తీసుకొమ్మని మా బంధువు ఒకాయన చెప్తున్నడు. నేను నెలకు 1,500 పెట్టగలను. కరోనా పిల్లలకు ఇచ్చిన 10 లక్షలు ఈమెకు వస్తయా? చదువు గట్టెక్కాలంటే ఏం చేయాలె?

జవాబు: మీరు ప్లాటు గురించి అడిగారు, నేను ముందు తేదీల గురించి చెబుతాను. ఈ విషయంలో వడ్డీ రేటు కన్నా తేదీ ఖరీదైనది.

సదనం నుంచి పిల్లలు బయటికి రావడానికి రెండు తొవ్వలున్నాయి. 18 నిండకముందే సంక్షేమ సమితి ‘కుటుంబానికి అప్పగించాం’ అని ఆర్డరు రాసి పంపడం ఒకటి. 18 నిండాక సంస్థ విడిచి రావడం ఇంకొకటి. చూడటానికి తేడా ఏమీ ఉండదు, అదే పెట్టె, అదే ఆటో. కాగితం మీద మాత్రం చాలా తేడా. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 46వ సెక్షన్ ఆర్థిక సాయం చెప్పింది 18 నిండి సంస్థను విడిచేవాళ్లకు. దీన్నే ఆఫ్టర్‌కేర్ అంటారు. మిషన్ వాత్సల్య అనే కేంద్ర పథకం కింద ఇది నెలకు 4,000 రూపాయలు, 21 ఏళ్లు వచ్చేదాకా. మీరు ఏప్రిల్‌లో అప్పగింత కాగితం మీద సంతకం పెట్టి తెచ్చుకుంటే, జూన్‌లో ఫైలు తెరిచిన అధికారికి ‘ఈ అమ్మాయి కుటుంబంతోనే ఉంది కదా’ అనిపిస్తుంది. ఆ తర్వాత వాదించి ఒప్పించడం కష్టం. 36 నెలలకు లెక్కేస్తే 1,44,000 రూపాయలు, అంటే డిగ్రీ మొత్తానికీ తిండి ఖర్చులో పెద్ద భాగం.

సదనంవాళ్లను తప్పుపట్టనక్కర్లేదు. పరీక్షలు అయినవాళ్లను వేసవిలో ఇళ్లకు పంపడం వాళ్లకు మామూలే. ‘సెలవు మీద పంపండి, అప్పగింత వద్దు’ అని సూపరింటెండెంట్‌కు రెండు లైన్ల కాగితం రాసివ్వండి. తీసుకొచ్చేటప్పుడు రిజిస్టర్లో ఏమని రాశారో చదివాకే సంతకం చేయండి.

ఇక సదనం కూడా చేయాల్సిన పని ఒకటుంది. 2016 నమూనా నియమాల ప్రకారం, పిల్లలు బయటికి వెళ్లడానికి రెండు నెలల ముందే వాళ్ల తదుపరి ప్రణాళిక తయారుచేసి సంక్షేమ సమితికి ఇవ్వాలి. అందులో ఆఫ్టర్‌కేర్‌కు సిఫారసు ఉండాలి. మీ పాప విషయంలో అది ఏప్రిల్ రెండో వారం. ‘ఆ ప్రణాళిక రాశారా, అందులో డిగ్రీ అని ఉందా’ అని అడగండి. ఏమీ రాయకపోతే పాప చేతే దరఖాస్తు రాయించండి: ఎక్కడ, ఏ కోర్సు చదవాలనుకుంటుందో, ఎక్కడ ఉంటుందో, నెలకు ఎంత ఖర్చవుతుందో, ఆదాయం ఏముందో. అమ్మానాన్నల మరణ ధ్రువపత్రాలు, సదనంలో చేర్చినప్పటి సమితి ఆర్డరు, టెన్త్ మెమో, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, వీటి జిరాక్సులు జతచేయండి. ఒకటి సమితికి, ఒకటి జిల్లా బాలల పరిరక్షణ అధికారికి. మూడో ప్రతి మీద ముద్ర వేయించుకుని మీ దగ్గర పెట్టుకోండి. మే నెల వచ్చినా కదలిక లేకపోతే కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి. అక్కడ ఇచ్చే రసీదుకు విలువ ఉంటుంది.

ఒక మాట మాత్రం మనసులో పెట్టుకోండి. చట్టంలో ఉన్నది ‘ఇవ్వవచ్చు’ అని, ‘ఇచ్చి తీరాలి’ అని కాదు. మంజూరు కావాలి, నిధులు రావాలి, వచ్చినా నెలనెలా పెన్షన్‌లా పడకపోవచ్చు. కొన్ని నెలలది ఒక్కసారే పడవచ్చు. అందుకే కింది లెక్కలో ఆ 4,000ను ఆదాయంగా కలపలేదు. వస్తే మిగులుతుంది. కరోనా పథకం మాత్రం ఆమెకు వర్తించదు. అది 2020 మార్చి 11 తర్వాత కోవిడ్ వల్ల తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలది.

ఇప్పుడు 6 లక్షల 20 వేలు. అది మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ మైనర్ వాటాగా డిపాజిట్ చేయించిన డబ్బు. బ్యాంకుకు వెళ్లి రసీదు చూడండి. పాప పేరు పక్కన ‘మైనర్’ అనీ, దాని కిందనో వెనకనో ఓపీ నంబర్ (ట్రిబ్యునల్‌లో కేసు నంబర్) అనీ రాసి ఉంటుంది. ఆ నంబరే తాళంచెవి. 18 నిండిన మర్నాడు ఆధార్ పట్టుకుని వెళ్తే మేనేజర్ చాలాసార్లు ‘కోర్టు ఆర్డర్ తెండి’ అంటాడు, అది తప్పు కాదు. ఆ కేసు తీర్పు సర్టిఫైడ్ కాపీ తీసి, మేజర్ కాగానే నేరుగా ఇవ్వమని అందులో ఉందేమో చదివించండి. లేకపోతే అదే ఓపీ నంబర్ మీద, డబ్బు విడుదల చేయమని పాప సంతకంతో పిటిషన్ వేయాలి. కోర్టు దగ్గర చెక్ పిటిషన్ అంటే ఎవరైనా చెబుతారు. వయసుకు టెన్త్ మెమో చాలు. 

ఇక్కడ జరిగే నష్టం ఒకటుంది. వకీలు ఫీజు శాతంలో మాట్లాడుకోవడం. డబ్బు ఎప్పుడో నిర్ణయమైంది, ఇప్పుడు కావాల్సింది ఒక ఆర్డరు. పది శాతం అంటే 62,000 పోయినట్టే. న్యాయ సేవాధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ముందు అక్కడ దరఖాస్తు పెట్టించండి. ఇంకొకటి, డిపాజిట్ గడువు ఎప్పుడు ముగుస్తుందో, దానంతటదే రెన్యువల్ అవుతుందో లేదో బ్యాంకులో అడగండి. గడువు దాటి రెన్యువల్ కాకుండా పడి ఉన్న డిపాజిట్ మీద పూర్తి వడ్డీ రాదు.

ప్లాటు వద్దు. యాదగిరిగుట్ట దిక్కు రేటు పెరుగుతుందా లేదా అన్నది వేరే చర్చ. ఆరు లక్షల ప్లాటుకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం లెక్కన 45,000 మొదటి రోజే పోతుంది. ఇంచుమించు ఆమె ఒక ఏడాది చదువు ఖర్చు. సెమిస్టర్ ఫీజు కట్టాల్సిన వారంలో ప్లాటులో మూల ముక్క అమ్మలేం కదా. చిట్టీలు కూడా వద్దు, మీరు నడిపే చిట్టీ అయినా సరే.

నేనైతే ఇలా విడగొడతాను. 50,000 రూపాయలు సేవింగ్స్ ఖాతాలో, ఇది జ్వరానికీ, అడ్మిషన్‌కూ, ఆఫ్టర్‌కేర్ ఆలస్యమైతే సర్దుకోవడానికీ. 2,70,000ను పోస్టాఫీసు టైమ్ డిపాజిట్‌లో మూడు ముక్కలుగా, ఏడాదికి 90,000, రెండేళ్లకు 90,000, మూడేళ్లకు 90,000. ఒక్కోటి ఒక్కో విద్యా సంవత్సరం ముగిసేసరికి చేతికొస్తుంది. ఒకే డిపాజిట్‌గా వేస్తే చిన్న అవసరానికి కూడా మొత్తం తెంపాలి, అందుకే ముక్కలు. ఆరు నెలలలోపు దాన్ని తీయనివ్వరు, ఏడాదిలోపు తీస్తే సేవింగ్స్ వడ్డీయే ఇస్తారు. మిగిలిన 3,00,000 పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్‌లో. 7.4 శాతం రేటున నెలకు సరిగ్గా 1,850 వస్తుంది. చేరిన రోజు ఉన్న రేటే ఐదేళ్లూ ఉంటుంది. పీజీకో బీఈడీకో అసలు తిరిగొస్తుంది. ఏడాదిలోపు తీయడం కుదరదు, మూడేళ్లలోపు తీస్తే 2 శాతం, ఆ తర్వాత తీస్తే 1 శాతం కోత. మొత్తం ఒకే బ్యాంకులో ఉంచకపోవడానికి ఇంకో కారణం, డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే. పోస్టాఫీసుకు ఆ హద్దు లేదు.

మీ 1,500, ఈ 1,850 కలిస్తే 3,350. ప్రభుత్వ పోస్ట్‌మెట్రిక్ హాస్టల్లో సీటు దొరికితే తిండి, మంచం ఖర్చు లేదు కాబట్టి ఫోను, పుస్తకాలు, బట్టలు, సబ్బులు, పరీక్ష ఫీజు ఇందులోనే సరిపోతాయి. టైమ్ డిపాజిట్లు ముట్టనక్కర్లేదు. సీటు దొరక్క ప్రైవేటు హాస్టల్‌కు వెళ్లి నెలకు 7,000 అయిందనుకుందాం. అప్పుడు తక్కువ పడేది 3,650, ఏడాదికి 43,800. మొదటి ఏడాది అది సేవింగ్స్‌లోని 50,000 నుంచి, తర్వాత ఏటా చేతికొచ్చే 90,000 నుంచి వెళ్తుంది. ఆఫ్టర్‌కేర్ రాకపోయినా చదువు ఆగదు. ఆడపిల్ల కాబట్టి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు, ఆధార్ కార్డు వెంట ఉంటే చాలు. మీ ఇంటి నుంచే మిర్యాలగూడ ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి వెళ్తే ఇంకా తేలిక. కానీ సదనం వదిలి మీ ఇంటికి వచ్చే పిల్లకు చదువుకోవడానికి ఒక మూల ఉందా అన్నది కూడా చూడండి.

కాలేజీ విషయంలో నా అభిప్రాయం గట్టిది: ప్రభుత్వ కాలేజీయే. నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల ఉంది, మహిళా డిగ్రీ కాలేజీ ఉంది. దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ దరఖాస్తు) ఆప్షన్లలో ముందు వాటినే పెట్టించండి. ప్రైవేటు కాలేజీలో ‘ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, మీరు కట్టేదేమీ లేదు’ అంటారు. ఆ డబ్బు సర్కారు నుంచి ఏళ్ల తరబడి బకాయి పడితే, చివర్లో టీసీ, మెమోలు ఆపి పిల్లల చేతనే కట్టించే కాలేజీలున్నాయి. అడగడానికి అమ్మానాన్న లేని పిల్ల దగ్గర ఆ ఒత్తిడి ఇంకా ఎక్కువగా పనిచేస్తుంది.

దోస్త్ రిజిస్ట్రేషన్, ఈపాస్ స్కాలర్‌షిప్ రెండూ ఆధార్ మీదే నడుస్తాయి, సదనం పిల్లలకు చిక్కు వచ్చేది కూడా అక్కడే. ఆధార్‌కు సదనం ఉద్యోగి ఫోన్ నంబర్ లింకై ఉంటుంది, ఓటీపీ ఆయనకు పోతుంది. 15 ఏళ్లప్పుడు చేయించాల్సిన వేలిముద్రల అప్‌డేట్ చేయించి ఉండరు, మీసేవలో ముద్ర పడదు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా ఉంటుంది, ఈపాస్ తిప్పికొడుతుంది. ఈ మూడూ పరీక్షలు అయిన వారంలోనే సరిచేయించండి. మేలో అందరూ ఆధార్ సెంటర్ దగ్గరే ఉంటారు.

ఆదాయ ధ్రువపత్రం పాప ఆదాయంతో తీయించాలా, మీ జీతంతోనా అన్నది ముందే అడిగి తెలుసుకోండి. బీసీలకు ఆదాయ హద్దు పల్లెలో 1.5 లక్షలు, పట్టణంలో 2 లక్షలు. పాప ఆదాయమే లెక్కిస్తే, ఆమెకు ఏడాదికి వచ్చే వడ్డీ అంతా కలిపినా నలభై వేలకు కాస్త అటూ ఇటూ, భయం లేదు. తహసీల్దార్ ఆఫీసులో మరణ ధ్రువపత్రాలు, సమితి ఆర్డరు చూపించండి. కులం పత్రం మీ బావగారి కులాన్ని బట్టే వస్తుంది, పాత పత్రం ఏదైనా ఇంట్లో వెతకండి. కులం ఏదో తెలియని పిల్లల సంగతి చాలామందికి తెలియదు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. పదేళ్లలోపు తల్లిదండ్రులను పోగొట్టుకుని, చూసే దిక్కు లేక, ప్రభుత్వ లేదా గుర్తింపు ఉన్న అనాథాశ్రమంలో చేరినవాళ్లు తెలంగాణలో బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. స్కాలర్‌షిప్ దరఖాస్తు ఏటా కొత్తగా రెన్యువల్ చేయాలి, హాజరు 75 శాతం ఉండాలి. సెకండియర్లో రెన్యువల్ మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

18 నిండాక బ్యాంకు పని ఒక్కరోజుది. మైనర్ ఖాతాను మేజర్ ఖాతాగా మార్చాలి: కొత్త ఫొటో, కొత్త సంతకం, ఆధార్, పాన్. ఫోన్ నంబర్ ఆధార్‌కు లింకై ఉంటే ఈ-పాన్ ఉచితంగా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. స్కాలర్‌షిప్, ఆఫ్టర్‌కేర్ ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలోనే పడతాయి కాబట్టి, హాస్టల్లో ఎవరో చెప్పారని ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి ఆధార్ అక్కడికి మార్చుకోవద్దని చెప్పండి. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమాకు టిక్కు పెట్టించండి. 436 రూపాయల జీవిత బీమా ఇప్పుడు అక్కర్లేదు, ఆమె మీద ఆధారపడ్డవాళ్లు లేరు.

ఏ ఖాతా అయినా ఆమె ఒక్కదాని పేరు మీదే తెరవండి, మీరు జాయింట్‌గా చేరకండి. రేపు మీ ఇంట్లోనే ఎవరో ఒక మాట అనడానికి అవకాశం ఉండదు. నామినీ గడిలో ఎవరి పేరు రాయాలో కౌంటర్ దగ్గర ఆమెనే అడగండి.