రిసార్ట్ ఫీజు కట్టేశాం, వెనక్కి వస్తుందా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం. మయామీ బీచ్‌లో రాత్రికి 119 డాలర్లేనని ఒక హోటల్‌లో మూడు రాత్రులకు ఈమధ్యే బుక్ చేశాం. తీరా వెళ్లాక హోటల్ వసతుల పేరుతో రాత్రికి 45 డాలర్ల రిసార్ట్ ఫీజు, ఆపైన 14 శాతం పన్ను అన్నారు. బీచ్ కుర్చీలు, జిమ్ మేం ముట్టుకోలేదు. గొడవెందుకని క్రెడిట్ కార్డుతో కట్టేశాం. కట్టనని చెప్పే హక్కు మాకు ఉందా? ఆ డబ్బు తిరిగి వస్తుందా?

జవాబు: అక్కడ గొడవ పడకుండా కట్టి మంచి పని చేశారు. డబ్బు కట్టని అతిథిని నోటీసిచ్చి గది ఖాళీ చేయించే అధికారం మయామీ బీచ్ ఉన్న ఫ్లోరిడా రాష్ట్ర చట్టం, సెక్షన్ 509.141, హోటల్‌కు ఇస్తోంది. నోటీసు తర్వాతా కదలకపోతే అది నేరం, పోలీసులను పిలుస్తారు. ఫీజు న్యాయమా కాదా అన్నది పోలీసులు అక్కడ నిలబడి తేల్చరు. వీసా మీద ఉన్నవారికి 135 డాలర్ల కోసం అరెస్టు రికార్డు అస్సలు వద్దు.

‘వాడుకోలేదు’ అన్న వాదన నిలవదు. బుకింగ్ సమయంలో ఆ ఫీజును మీకు చూపించారా లేదా అన్నదే అసలు ప్రశ్న. వినియోగదారుల రక్షణ చూసే అమెరికా కేంద్ర సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన 2025 మే 12 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన మొత్తాన్నే ధరగా, మిగతా అంకెలకన్నా ప్రముఖంగా చూపాలి. అంటే మీకు 119 కాదు, 164 డాలర్లు కనిపించి ఉండాలి. బుకింగ్ సైట్లకూ ఇదే నియమం. ప్రభుత్వ పన్నును మాత్రం ఆ ధరలో కలపకపోయినా, డబ్బు కట్టించుకునే ముందు విడిగా చెప్పాలి. కాబట్టి పన్ను మీద పేచీ పెట్టకండి. ఫీజు వెనక్కి వస్తే దాని మీద వేసిన పన్ను, 18 డాలర్ల 90 సెంట్లు, కూడా అడగండి.

ముందు బుకింగ్ ఈమెయిల్ తెరవండి. ‘హోటల్ దగ్గర చెల్లించాలి’ అంటూ ఫీజు కలిపిన మొత్తం అందులో ఉంటే, బుకింగ్ పేజీలోనూ అదే చూపించి ఉండవచ్చు. అప్పుడు మీ కేసు బలహీనం. ఎక్కడా లేకపోతే ఆ ఈమెయిల్, హోటల్ బిల్లు జతచేసి హోటల్ మేనేజర్‌కూ, బుకింగ్ సైట్‌కూ రాతపూర్వకంగా రీఫండ్ అడగండి.

వాళ్ల జవాబు కోసం ఆగి, ఆ చార్జీ మీద కార్డు బ్యాంకుకు వివాదం పంపే గడువు దాటనివ్వకండి. ఆ చార్జీ ఉన్న స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోగా మీ ఉత్తరం బ్యాంకుకు చేరాలి, అదీ బిల్లింగ్ వివాదాల కోసం వాళ్లిచ్చిన చిరునామాకు. ఫోన్ చేసి ఊరుకుంటే చట్టరక్షణ దక్కదు. బ్యాంకు 30 రోజుల్లో ఉత్తరం అందిందని చెప్పాలి, రెండు బిల్లింగ్ సైకిళ్లలో (కార్డు బిల్లు వచ్చే కాలాలు), ఎంత ఆలస్యమైనా 90 రోజుల్లో తేల్చాలి. బిల్లు మొత్తాన్ని కాక ఫీజునూ దాని పన్నునూ మాత్రమే వివాదంలో పెట్టండి.

ఇలాంటి వివాదాలు ఎక్కువగా ఓడిపోయేది చెక్-ఇన్ కాగితం దగ్గరే. ఫీజు రాసి ఉన్న ఆ కాగితం మీద మీ సంతకాన్ని హోటల్ బ్యాంకుకు చూపిస్తుంది. ఈసారి వెళ్లినప్పుడు సంతకం పక్కనే ‘పెయిడ్ అండర్ ప్రొటెస్ట్’ (అభ్యంతరంతోనే కట్టాం) అని ఇంగ్లీషులో రాసి ఫోటో తీసుకోండి. ధర కనిపించిన పేజీనీ బుక్ చేసేటప్పుడే స్క్రీన్‌షాట్ తీయండి.

ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కూ, ఫ్లోరిడా అటార్నీ జనరల్‌కూ ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఫెడరల్ నిబంధన కింద మీరు నేరుగా దావా వేయలేరు. ఫ్లోరిడా వినియోగదారుల చట్టం కింద వేయవచ్చు గానీ, ఓడినవారు గెలిచినవారి లాయర్ ఖర్చు భరించాల్సి రావచ్చు. ఇంత మొత్తానికి అది నేను సూచించను.