ఫుటీ వృత్తిలో తొలి మూడేళ్లు: పేరున్న తండ్రి లేకపోతే కుదరదా?

మెల్‌బోర్న్‌లో పెరుగుతున్న మీ మేనల్లుడు, పదిహేనేళ్లవాడు, ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాలే తన వృత్తి అంటున్నాడనీ, ఆ వృత్తిలో తొలి రెండు మూడేళ్లు ఎలా గడుస్తాయో, కాలింగ్‌వుడ్ క్లబ్ ఆటగాడు నిక్ డేకోస్‌కు ఉన్నట్టు పేరున్న తండ్రి లేకపోతే అసలు లోపలికి రానిస్తారో లేదో తెలియడం లేదనీ రాశారు. నేను క్రీడాకారుణ్ణి కాను. ఈ నగరానికి పడమటి వైపు శివారులో ఉంటున్న మామూలు ఉద్యోగిని. మా అబ్బాయి ఏడో ఏట, చిన్నపిల్లలకు ఈ ఆట నేర్పే ఆస్కిక్‌లో చేరినప్పటి నుంచి చలికాలపు సెలవు ఉదయాలన్నీ మైదానం గట్టు మీదే గడుస్తున్నాయి. వాళ్ల జట్టుకు నీళ్ల సీసాలు మోసేదీ, మూడో క్వార్టర్ తరవాత పంచడానికి నారింజ ముక్కలు కోసి డబ్బాలో తెచ్చేదీ నేనే. పైగా కాలింగ్‌వుడ్ అభిమానిని కాబట్టి నిక్ ఆటను మొదటి రోజు నుంచీ గమనిస్తూ వచ్చాను. ఆ మేరకే నా మాట.

ముందు తండ్రి సంగతి. పీటర్ డేకోస్ కాలింగ్‌వుడ్ తరఫున 250 మ్యాచ్‌లు ఆడి 549 గోల్స్ కొట్టినవాడు. ఒక క్లబ్‌కు తండ్రి కనీసం 100 మ్యాచ్‌లు ఆడి ఉంటే కొడుకును తీసుకునే ప్రాధాన్యం ఆ క్లబ్‌కు ఉంటుంది. దీన్ని తండ్రీకొడుకుల నిబంధన అంటారు. అయితే చాలామంది అనుకున్నట్టు ఇది ఉచితంగా వచ్చేది కాదు. క్లబ్బులు వరసగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే ఏటేటా జరిగే కార్యక్రమాన్ని డ్రాఫ్ట్ అంటారు. 2021 డ్రాఫ్ట్‌లో నాలుగో ఎంపిక దగ్గర గోల్డ్ కోస్ట్ జట్టు నిక్ పేరు పిలిచింది. ఆ స్థానానికి నిర్ణయించిన పాయింట్లను, అప్పట్లో ఉన్న 20 శాతం తగ్గింపు పోను, తన చేతిలో ఉన్న ఇతర ఎంపికలతో చెల్లించిన తరవాతే కాలింగ్‌వుడ్ అతణ్ణి దక్కించుకుంది. అంటే తండ్రి పేరు అతడు ఏ క్లబ్‌కు వెళ్లాలో తేల్చిందే తప్ప, ఎన్నో స్థానంలో అతని పేరు వినబడాలో తేల్చలేదు. ఆ మాటకొస్తే అతని అన్న జాష్‌కూ అదే తండ్రి, అదే నిబంధన. కానీ 2016లో అతని పేరు వినబడింది 57వ స్థానంలో. 2017లో తొలి మ్యాచ్ ఆడినా, జట్టులో నిలదొక్కుకోవడానికి జాష్‌కు 2020 దాకా పట్టింది. ఆ ఏడాది గోల్ ఆఫ్ ది ఇయర్ అతనిదే. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరి తొలి మూడేళ్లకు ఇంత తేడా ఉందంటే, మీ సందేహంలో సగం అక్కడే తీరుతుంది.

నా అభిప్రాయంలో అసలు విషయం వేరే ఉంది. పద్దెనిమిదేళ్ల కుర్రాడి తొలి ఏడాది ఎలా ఉంటుందన్నది అతను ఎన్నో ఎంపిక అన్నదాని కంటే, ఎలాంటి జట్టులో పడ్డాడు, వాళ్లు అతన్ని మైదానంలో ఎక్కడ నిలబెట్టారు అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. నిక్ చిన్నప్పటి నుంచీ మిడ్‌ఫీల్డ్ ఆటగాడు. 2022లో కొత్తగా వచ్చిన కోచ్ క్రెయిగ్ మెక్‌రే అతన్ని ఆ ఏడాది చాలావరకు హాఫ్‌బ్యాక్‌లో, అంటే వెనక రక్షణ వరసలో, ఆడించాడు. మధ్యలో బంతి కోసం ఇరవై ఆరేళ్ల కండలవాళ్లతో కుమ్ములాట. వెనక నిలబడితే ఆట మొత్తం కళ్లెదుట కనిపిస్తుంది, బంతి అందుకున్నాక ఆలోచించడానికి ఒక క్షణం దొరుకుతుంది. 2022 మార్చిలో సెయింట్ కిల్డా మీద ఆడిన తొలి మ్యాచ్‌లోనే, తండ్రి వేసుకున్న 35వ నంబరు చొక్కాతో, 27 సార్లు బంతిని కాలితోనో చేతితోనో సహచరులకు చేరవేశాడు. ఇక్కడివాళ్లు దీన్ని డిస్పోజల్ అని లెక్కపెడతారు. అదే ఏడాది అడిలైడ్ మీద 40 డిస్పోజల్స్, 3 గోల్స్. సీజన్ ముగిసేసరికి ఉత్తమ యువ ఆటగాడికి ఇచ్చే రైజింగ్ స్టార్ పురస్కారం అతనిదే అయింది.

అదే డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు జేసన్ హార్న్-ఫ్రాన్సిస్. దక్షిణ ఆస్ట్రేలియా కుర్రాడు. ఇల్లు వదిలి మెల్‌బోర్న్ వచ్చి నార్త్ మెల్‌బోర్న్‌లో చేరాడు. ఆ జట్టు 2022లో రెండే మ్యాచ్‌లు గెలిచి అట్టడుగున నిలిచింది. ఏడాది తిరగకముందే అతను సొంత రాష్ట్రానికి, పోర్ట్ అడిలైడ్‌కు మారిపోయాడు. ఆ తరవాత ప్రత్యర్థి ప్రేక్షకులు అతని కాలికి బంతి తగిలిన ప్రతిసారీ గోల చేసేవాళ్లు. పందొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి అలా ఏడిపించడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. రెండో ఎంపిక సామ్ డార్సీ. అతనూ తండ్రి పేరుతో వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కు వెళ్లినవాడే. 208 సెంటీమీటర్ల పొడగరి. తొలి ఏడాది చివర్లో గానీ మైదానంలోకి దిగలేదు, 2024లో గానీ జట్టులో కుదురుకోలేదు. పొడవైన పిల్లల ఒంటికి బలం పట్టడానికి ఆలస్యమవుతుంది కాబట్టి క్లబ్బులు కూడా వాళ్ల విషయంలో తొందరపడవు. మీ మేనల్లుడు ఆరున్నర అడుగులకు పెరుగుతున్నాడంటే ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక నిక్‌కు అంతా పూలబాటే అనుకోవద్దు. 2023లో, ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో పతకం అతనిదేనని అందరూ అనుకుంటున్న రోజుల్లో, 21వ రౌండ్‌లో హాథార్న్ జట్టు ఫిన్ మగిన్నెస్‌ను నీడలా వెంటాడమని పంపింది. ఆ రోజు నిక్‌కు దక్కినవి 5 డిస్పోజల్స్. మోకాలి ఎముకకు సన్నని చీలిక కూడా ఆ మ్యాచ్‌లోనే వచ్చింది. లీగ్ దశలో మిగిలిన మూడు మ్యాచ్‌లూ అతను ఆడలేకపోయాడు. పతకం లాకీ నీల్‌కు 31 ఓట్లతో వెళ్లింది, నిక్ 28 ఓట్లతో మూడో స్థానంలో ఆగాడు. సెమీఫైనల్ లాంటి ప్రిలిమినరీ ఫైనల్‌కు తిరిగొచ్చాడు, కాలింగ్‌వుడ్ ఒకే ఒక్క పాయింటు తేడాతో గట్టెక్కింది. ఆ మరుసటి వారం, సెప్టెంబర్ 30న, మన క్రికెట్ వాళ్లకు బాగా తెలిసిన ఎంసీజీలో, గ్రాండ్ ఫైనల్లో బ్రిస్బేన్ మీద 90–86తో కాలింగ్‌వుడ్ గెలిచినప్పుడు అన్నదమ్ములిద్దరూ మైదానంలోనే ఉన్నారు. టీవీ ముందు మా ఆవిడ ఆ చివరి రెండు నిమిషాలూ వంటింట్లోకి వెళ్లిపోయింది, చూడలేక.

మా ఇంటి అనుభవం కూడా ఒకటి చెప్పాలి. ఈ ఆటలో బంతి కోడిగుడ్డులా ఉంటుంది. రెండు చేతులతో నిలువుగా పట్టుకుని, వంకర పోకుండా పాదం మీదికి జారవిడవాలి, లేకపోతే తన్నిన బంతి పక్కింటి కంచె దాటుతుంది. మా వాడికి ఆ జారవిడవడం పట్టుబడడానికే రెండు చలికాలాలు పట్టింది. పదమూడేళ్లలోపు జట్టులో వాడి శిక్షకుడు ఏడాదంతా గోల్ పక్క మూలన నిలబెట్టాడు, కారణం చెప్పలేదు. మ్యాచ్ అయ్యాక కారులో వాడు కిటికీ వైపు తిరిగి కూర్చునేవాడు. క్లబ్ మారాక కొత్త శిక్షకురాలు హాఫ్‌బ్యాక్‌లో పెట్టింది. అదే పిల్లవాడు, అవే కాళ్లు, కానీ బంతి కోసం అరవడం మొదలుపెట్టాడు. నిక్ విషయంలో నేను పైన అన్నమాట పుస్తకంలో చదివింది కాదు.

మీ మేనల్లుడికి ముందున్న మెట్టు పద్దెనిమిదేళ్లలోపు వారి టాలెంట్ లీగ్. నిక్ ఓక్లీ చార్జర్స్‌కు ఆడాడు. మా పడమటి వైపు పిల్లలకు వెస్టర్న్ జెట్స్ ఉంది. స్థానిక క్లబ్‌లో ఆడుతుంటే ఆ జట్ల వాళ్ల కళ్లు ఎలాగూ పడతాయి. డిసెంబర్ 31 నాటికి పద్దెనిమిది నిండినవారు ఆ ఏడాది డ్రాఫ్ట్‌కు అర్హులు. నిక్ 2003 జనవరి 3న పుట్టాడు కాబట్టి తన డ్రాఫ్ట్‌లో వయసు రీత్యా పెద్దవాళ్లలో ఒకడు. నవంబరులో పుట్టినవాడితో పోలిస్తే పది నెలల ఎముక బలం అదనం. తల్లిదండ్రులు ఈ లెక్క వేసుకోకుండా పిల్లవాడు వెనకబడ్డాడని బెంగపడడం మా క్లబ్‌లో ప్రతి ఏటా చూస్తున్నాను. మీ మేనల్లుడు ఏ నెలలో పుట్టాడో, ఎంత పొడవున్నాడో, ప్రస్తుతం ఏ స్థానంలో ఆడుతున్నాడో రాస్తే, ఇంకాస్త వివరంగా చెప్పగలను.