క్లచ్ రాడ్డు విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నాన్న టాటా 1210 లారీని షెడ్డులోంచి బయటికి లాగించావంట, క్లచ్ లింకేజీ, అంటే పెడల్‌ని క్లచ్‌కి కలిపే రాడ్లు, మొత్తం విప్పి కొత్తగా చేస్తావంట. అమ్మ ఫోన్‌లో చెప్పింది. టాటాకి బెంజితో పొత్తు తీరి బానెట్ మీద బెంజి నక్షత్రం 1969తోనే పోయినా మన వీధిలో అందరికీ అది బెంజి లారీయే. తుక్కుకి పోతుందనుకున్న బండిని నువ్వు పట్టుకున్నావంటే ఛాతీ ఉబ్బింది. దాని కిందకి దూరేది కూడా నువ్వేనని తెలిశాక మాత్రం నిద్ర పట్టలేదు.

చక్రాలకి చెక్కలు పెట్టు. ఒక్క జాకీని నమ్మి కింద పడుకోకు. రిటర్న్ స్ప్రింగు లాగేటప్పుడు మొహం అడ్డం పెట్టకు.

ముందు ఇంజను మౌంటింగు రబ్బర్లు చూడు. పెడల్ ఛాసిస్‌కి ఉంటుంది, క్లచ్‌ని విడదీసే ఫోర్కు ఇంజనుతోపాటు ఊగుతుంది. రబ్బర్లు పోతే ఆ ఊపుకి రాడ్డు దానంతటదే లాగుతుంది, బండి వణుకుతూ కదులుతుంది. అది తెలీక పాపం మంచి క్లచ్ ప్లేట్లు మార్చేస్తారు.

రాడ్లని కలిపే పిన్ను బెజ్జాలు కోడిగుడ్డులా సాగుంటాయి. లావు పిన్ను దూర్చి సరిపెట్టకు. వెల్డింగుతో పూడ్చి, బోరు చేయించి, గన్‌మెటల్ బుష్ వెయ్యి.

ఇక స్ప్లిట్ పిన్ను, అదే ఆ పిన్ను జారిపోకుండా చివర్లో దూర్చి వంచే రెండు కాళ్ల తీగ. నవ్వకు. ఈ ముక్క మీ నాన్న నీకు చెప్పుండడు. పేపరుమిల్లుకి వెదురు లోడుతో మారేడుమిల్లి ఘాటు దిగుతున్నాం. బావ స్టీరింగు మీద, నేను క్లీనర్ని. ముందురోజు స్ప్లిట్ పిన్ను విరిగితే మేకు దూర్చి వంచాడు, "రాజమండ్రిలో చూద్దాంలేరా" అని. మలుపు ముందు మూడు నుంచి రెండుకి దించబోయాడు. ఆ బండికి గేరు మార్చాలంటే క్లచ్ రెండుసార్లు తొక్కాలి. మొదటిసారి తొక్కితే లివరు న్యూట్రల్లోకి వచ్చింది. రెండోసారి తొక్కేసరికి పెడల్ టక్కున నేలకి కొట్టుకుని అక్కడే ఉండిపోయింది. మేకు ఊడి, పిన్ను జారిపోయింది. గేరు కరకరమంటోంది గానీ పడదు. న్యూట్రల్లో అంత లోడు, ఉన్నది బ్రేకొక్కటే, అదీ కాలిన వాసన మొదలెట్టింది. నేను చెక్క పట్టుకుని దూకాను. చక్రం దాన్ని నలిపేసి పోయింది. చివరికి బావ కొండవైపు కోసి, చరియకి రాపాడించి ఆపాడు. పరిగెత్తుకెళ్లి చూస్తే ఇంకా గేరు లివర్నే నొక్కుతున్నాడు.

అందుకే చెప్తున్నా: దిగుడులో పెడల్ పోతే, గేర్లో ఉన్న బండిని గేర్లోంచి తియ్యకు. ఇంజనే పట్టుకుంటుంది. మేకులు, బైండింగు తీగలు పెట్టావని తెలిస్తే ఊరొచ్చి మరీ తంతాను.

రాడ్డు తీసేసి, ఆయిలు ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్ పెడతానంటున్నావంట. పెట్టు నాన్నా, నా ఎడమ మోకాలు వద్దనదు. పెడల్ దగ్గరి మాస్టరు, ఫోర్కు దగ్గరి స్లేవు సిలిండర్ల బోర్లు లెక్క చూసుకుని కొను. స్లేవు మరీ లావైతే ఫోర్కు చాలినంత జరగదు, ప్లేటు విడవదు. మాస్టరు బిగించే రేకు పల్చగా ఉంటే నీ తొక్కుడంతా ఆ రేకు వంగడానికే పోతుంది, వెనక మందమైన పట్టీ వెయ్యి. బ్రేకు ఆయిలు తప్ప ఇంజనాయిలు చుక్క కూడా పొయ్యకు, లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. రాడ్డే ఉంచుకుంటే పెడల్ దగ్గర ఓ అంగుళం ప్లే (ఊరికే కదిలే ఖాళీ) వదిలి లాక్ నట్టు బిగించు. ప్లే లేకపోతే రిలీజ్ బేరింగు ఊరికే తిరిగి తిరిగి అరిగిపోతుంది.

బుష్‌ల బెజ్జాలు సరిగ్గా కోసే రీమరు కొనకు, నాది ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. పనయ్యాక నూనె రాసి తిరిగి పంపు. ఈ ఉత్తరం నాన్నకి చూపించకు, మేకు సంగతికి ఇప్పటికీ ఉడుక్కుంటాడు.

మావయ్య