రెండో ముద్ద

అమ్మడూ,

వచ్చే వారం నుంచి రాత్రిళ్లు సర్జరీ ఎమర్జెన్సీ నువ్వొక్కదానివే చూస్తావని మీ నాన్న చెప్పాడు. సంతోషమే. నిద్ర పట్టని మాటా నిజమే.

పేగు అడ్డుపడి వస్తే ముక్కులోంచి జీర్ణాశయంలోకి వేసే రైల్స్ ట్యూబ్, సెలైన్, పొటాషియం సంగతి నీకు చెప్పనక్కర్లేదు. పొట్ట మీద పాత కుట్ల మచ్చ చూసి ‘పేగులు అంటుకుపోయిన అతుకులే’ అని తేల్చెయ్యకు. అప్పుడు ఏం ఆపరేషన్ చేశారో అడుగు. జీర్ణాశయంలో కొంత తీసేసి ఉంటే ఆమ్లం తక్కువ, తిన్నది సరిగా నలగదు, పీచు ముద్దకట్టి (దాన్నే బెజోర్ అంటాం) కిందికి దిగి పేగుకి అడ్డం పడుతుంది. నమలడానికి నోట్లో పళ్లున్నాయా, షుగర్ ఎన్నేళ్లుగా ఉంది, ఈ మధ్య ఏం తిన్నారు, ఇవీ అడుగు. పెర్సిమన్ పండంటే మరీ జాగ్రత్త: అందులోని టానిన్ అనే వగరు పదార్థం జీర్ణాశయంలోని ఆమ్లం తగిలి జిగురై గట్టిపడుతుంది. సీటీ స్కాన్‌లో ఉబ్బిన పేగు సన్నబడే చోట గాలి బుడగలతో ముద్ద కనిపిస్తుంది. చూడ్డానికి మలంలాగే ఉంటుంది, మోసపోకు.

కోలా తాగిస్తే కరుగుతుందని వినే ఉంటావు. జీర్ణాశయంలోని ముద్దకి 12 గంటల్లో 3 లీటర్లు ఇచ్చే పద్ధతి ఉంది. పేగు మూసుకుపోయాక మాత్రం వద్దు. జీర్ణాశయంలో సగం కరిగిన ముక్క కూడా జారి పేగుకి అడ్డం పడగలదు.

పొట్ట తెరిస్తే ముద్ద ఎక్కువగా చిన్నపేగు చివర్లో దొరుకుతుంది. వేళ్లతో చిదిమి, పాలు పిండినట్టు పెద్దపేగులోకి నెట్టు. కదలకపోతే మొండికెయ్యకు, పేగు చీలుతుంది. కాస్త వెనక్కి జరిపి, నలగని చోట పొడవుగా కోసి తీసి, అడ్డంగా కుట్టు.

ముద్ద బయటికి రాగానే అందరికీ ఊపిరొస్తుంది. మత్తు డాక్టరు గడియారం చూస్తాడు. పొట్ట మూసేస్తారు. తప్పు అక్కడే! పైన ఇంకోటి ఉండొచ్చు. నాలుగో రోజున అది దిగి అడ్డుపడితే, ‘ఆపరేషనైంది కదా, పేగు ఇంకా మేలుకోలేదు’ అనుకుంటూ విలువైన రోజులు పోగొడతారు. అందుకే చిన్నపేగు పైభాగాన్ని పట్టి ఉంచే ట్రైట్జ్ లిగమెంట్ దగ్గర్నుంచి పెద్దపేగు మొదలయ్యే సీకం దాకా పేగంతా నీ వేళ్ల మధ్య నుంచి పోవాలి. ఉబ్బిన పేగులో మెత్తటి ముద్ద ద్రవంలో తేలుతూ వేళ్లకి అందకుండా జారిపోతుంది. ముందు ఆ ద్రవాన్ని పైకి పిండి ట్యూబ్‌లోంచి లాగించి, మళ్లీ తడుము. జీర్ణాశయాన్నీ రెండు చేతుల మధ్య పట్టి చూడు. చిన్న రంధ్రాల్లోంచి చేసే లాపరోస్కోపీలో ఆ స్పర్శ ఉండదు. అనుమానముంటే ఎండోస్కోపీ పెట్టించు.

ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. పొట్ట మూసే ముందే చెయ్యి.

పెదనాన్న