టెంపరేచర్ ముల్లు ఎగిరిపడుతోందా? సెన్సర్ కొనకముందు ఇవి చూడండి

బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో మీ కారు ఆగి ఉన్నప్పుడు టెంపరేచర్ ముల్లు ఉన్నట్టుండి హెచ్ (బాగా వేడి) గుర్తు దాకా పోయి, అంతే తొందరగా దిగిపోతోందని, మెకానిక్ కూలెంట్ వేడిని కొలిచే సెన్సర్ మార్చమంటున్నాడని రాశారు. ఇప్పుడే మార్చకండి. ఇంజన్ నిజంగా వేడెక్కుతోందా, ముల్లే తప్పు చూపిస్తోందా అన్నది ముందు తేలాలి.

ముల్లు ఎంత వేగంగా కదులుతోందో గమనిస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఇంజన్‌లో లీటర్ల కొద్దీ కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం), దాని చుట్టూ అంత లోహం ఉంటాయి. అదంతా రెండు సెకన్లలో 30 డిగ్రీలు ఎక్కదు, దిగదు. నిజమైన వేడికి ముల్లు నిమిషాల మీద పాకుతూ పైకి వెళ్తుంది. టక్కున ఎగిరితే చాలావరకు వైరు, కనెక్టర్, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్లే దారి), డ్యాష్‌బోర్డు మీటర్‌లలో ఎక్కడో తేడా ఉన్నట్టే. కానీ ఒక్క మినహాయింపు ఉంది, అదే ప్రమాదం. కూలెంట్ తగ్గిపోయి సెన్సర్ మొన నీళ్లలో మునగకపోతే, ఆవిరి తగిలినప్పుడు ముల్లు లేస్తుంది, గాలి బుడగ వచ్చినప్పుడు పడిపోతుంది. దిగింది కదా అని అలాగే నడిపితే సిలిండర్ హెడ్ వంగిపోతుంది, దాని కింద సీలులా ఉండే హెడ్ గాస్కెట్ పోతుంది. అందుకే కూలెంట్ చూడకుండా మల్టీమీటర్ ముట్టుకోవద్దు.

పొద్దున్నే ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు చూడండి. రిజర్వ్ ట్యాంకులో మట్టం సరిపోయినంత మాత్రాన నమ్మకండి. రేడియేటర్‌కు విడిగా మూత ఉన్న బండైతే అది తీసి అంచు దాకా ఉందో లేదో చూడాలి. మూత రబ్బరు గట్టిపడితే ట్యాంకులోంచి కూలెంట్ వెనక్కి రాదు, ట్యాంకు నిండుగా కనిపిస్తూనే రేడియేటర్ ఖాళీ అవుతుంది. వేడి ఇంజన్ మీద మాత్రం మూత తిప్పనే వద్దు. ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉన్న కూలెంట్, మూత వదులవగానే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ఈమధ్యే కూలెంట్ మార్పించి ఉంటే లోపల గాలి చిక్కుకుందేమో కూడా అనుమానించండి.

మట్టం సరిగ్గా ఉంటే రెండో కొలత కావాలి. ఓబీడీ సాకెట్ (ఇంజన్ కంప్యూటర్ లెక్కలు చదివే సాకెట్) ఉన్న కారైతే బ్లూటూత్ అడాప్టర్ పెట్టి ఫోన్‌లో కూలెంట్ టెంపరేచర్ చూడండి. అంకె 85 నుంచి 100 మధ్య నిలకడగా ఉండి ముల్లు మాత్రం ఎగిరితే, కంప్యూటర్‌కు వెళ్లే సెన్సర్ మంచిదే. తేడా మీటర్‌లోనో, దాని ఎర్త్‌లోనో ఉంటుంది. పాత కార్లు కొన్నింటిలో ముల్లు కోసం ఒకే వైరున్న సెండర్ (ముల్లుకు మాత్రమే పనిచేసే సెన్సర్) విడిగా ఉంటుంది, దాన్నీ అనుమానించాలి. అంకె కూడా ముల్లుతోపాటే ఎగిరితే సెన్సర్, దాని వైరింగ్ చూడాలి. ఉన్నట్టుండి మైనస్ 40 చూపిస్తే వైరు తెగినట్టు, కంప్యూటర్ చూపించే లోపం కోడ్ సాధారణంగా పి0118. 130 పైన చూపిస్తే వైరు ఎక్కడో బాడీకి తగులుతున్నట్టు, కోడ్ పి0117. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడితే మెరిసే అల్యూమినియం మీద కొట్టకండి, తక్కువ చూపిస్తుంది. థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) హౌసింగ్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, దాని మీద కొలవండి.

వైరింగ్‌లో నేను ముందు చూడమనేది కనెక్టర్. ఇంజన్ నడుస్తుండగా సెన్సర్ కనెక్టర్‌ను, వైరును మెల్లగా కదిపితే అంకె ఎగురుతోందా? అయితే ఇంజన్ ఆపి కనెక్టర్ విప్పి చూడండి. పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టడం, క్లిప్పు విరిగి వదులవడం మామూలే. తర్వాత ఎర్త్. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేయగానే ముల్లు కదిలితే ఎర్త్ బాగాలేదని అర్థం. అవన్నీ వేసి, ఇంజన్ నడుస్తుండగా, బ్యాటరీ నెగెటివ్‌కూ ఇంజన్ బ్లాక్‌కూ మధ్య వోల్టేజ్ కొలవండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ స్ట్రాప్ (ఇంజన్‌ను ఎర్త్‌కు కలిపే లావు తీగ) విప్పి, రెండు కొసలూ మెరిసేదాకా గీకి బిగించాలి. పెట్రోల్ ముల్లు కూడా దీంతోపాటే తప్పు చూపిస్తుంటే సెన్సర్ జోలికే పోవద్దు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది మీటర్ సప్లై, దాని ఎర్త్.

ఇవన్నీ దాటితేనే సెన్సర్ విప్పండి. మొన మాత్రమే నీళ్లలో మునిగేలా పట్టుకుని, నీళ్లు వేడిచేస్తూ రెండు పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్స్ (నిరోధం) చూడాలి. చాలా సెన్సర్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500, 80 దగ్గర 300 చిల్లర ఉంటుంది. బెంగళూరు ఎత్తు వల్ల ఇక్కడ నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి, అక్కడ 200 దరిదాపుల్లో రావాలి. మోడల్‌ను బట్టి అంకెలు మారతాయి, ఒకే పిన్ను సెండర్ల లెక్క పూర్తిగా వేరు. ముఖ్యంగా చూడాల్సింది, వేడెక్కేకొద్దీ ఓమ్స్ ఎక్కడా తెగకుండా, ఎగరకుండా నున్నగా దిగడం. ఎగిరితే సెన్సర్ పోయింది, జేసీ రోడ్డు స్పేర్ పార్టుల దుకాణాల్లో పార్ట్ నంబర్ చెప్పి అదే కొనండి. బాడీ ద్వారా ఎర్త్ అయ్యే ఒకే పిన్ను సెండర్ మరలకు టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, ఎర్త్ అడ్డుపడి ముల్లు తక్కువ చూపిస్తుంది. విప్పేటప్పుడు కారిన కూలెంట్‌ను బేసిన్‌లో పట్టండి. తియ్యగా ఉంటుందని వీధికుక్కలు నాకుతాయి, అది వాటికి విషం.

హోసూరు హైవే మీద ముల్లు అసలు పైకి రాకుండా, ట్రాఫిక్‌లో మాత్రమే మధ్యకు వస్తుంటే అది వేరే జబ్బు. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంది.

పని అయ్యాక కోడ్లు చెరిపి, ఏసీ ఆపి, ఇంజన్‌ను ఐడిల్‌లో వదలండి. ఏసీ వేస్తే ఫ్యాన్ ఎలాగూ తిరుగుతుంది కాబట్టి ఏమీ తెలియదు. చాలా కార్లలో ఓబీడీ అంకె 95 నుంచి 100 మధ్యకు వచ్చేసరికి ఫ్యాన్ తనంతట తను తిరగాలి, కొన్ని డిగ్రీలు దిగాక ఆగాలి. ఇది రెండు మూడుసార్లు జరిగేదాకా చూసి, మర్నాడు పొద్దున చల్లటి ఇంజన్‌లో కూలెంట్ మట్టం మళ్లీ చూడండి.