భార్య పేరు నామినీగా ఉంటే వీలునామా అక్కర్లేదా?

ప్రశ్న: నా వయసు 54. మాది నరసరావుపేట. సొంత సంపాదనతో కట్టుకున్న ఇల్లు ఉంది. నాన్నగారు 2009లో వీలునామా రాయకుండా పోయారు. ఆయన కొన్న మూడెకరాల పొలానికి ఇప్పుడు పాస్‌బుక్ నా పేరున ఉంది. అమ్మ, ఇద్దరు అక్కలు ఉన్నారు. అమ్మాయికి పెళ్లయింది, అబ్బాయి ఉద్యోగంలో ఉన్నాడు. బ్యాంకు డిపాజిట్లకు, ఎల్ఐసీకి నా భార్యే నామినీ. నా తర్వాత ఆమె ఎవరి ముందూ చేయి చాచకూడదు. నేను ఇంకేమైనా చేయాలా?

జవాబు: తప్పకుండా చేయాలి. బ్యాంకు డిపాజిట్‌లో నామినీ అంటే డబ్బు చేతికి అందుకునే మనిషి మాత్రమే. దాని మీద హక్కు వారసులది. ఇన్సూరెన్స్‌కు మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, పిల్లలు, తల్లిదండ్రుల్లో ఎవరు నామినీ అయితే సొమ్ము వారికే చెందుతుందని చట్టంలో రాశారు. ఇంటికి, పొలానికి నామినీ అనేదే ఉండదు.

మీరు వీలునామా రాయకపోతే ఏమవుతుందో చూడండి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీ ఇంట్లో భార్యకు, అమ్మాయికి, అబ్బాయికి, మీ అమ్మగారికి తలా నాలుగో వంతు వస్తుంది. ఆ తర్వాత అమ్మగారు కూడా వీలునామా లేకుండా పోతే ఆమె వాటాలో మీ అక్కలకూ భాగం ఉంటుంది. అప్పుడు మీ భార్య ఆ ఇల్లు అమ్మాలన్నా, లోన్ పెట్టాలన్నా ఇంతమంది సంతకాలు కావాలి. అందరూ మంచివాళ్లే కావచ్చు. కానీ ఒకరు విదేశంలో ఉన్నా, ఇంకొకరికి అప్పులున్నా పని ఆగిపోతుంది.

అయితే కాగితం పట్టుకునే ముందు పొలం సంగతి తేల్చుకోండి. అసలు చిక్కు అక్కడే ఉంది. నాన్నగారు సొంతంగా కొన్న భూమి కాబట్టి ఆయన పోయిన రోజునే అది అమ్మగారికి, మీకు, ఇద్దరు అక్కలకు సమానంగా వచ్చింది. అంటే మూడెకరాల్లో మీ వాటా 75 సెంట్లు. పాస్‌బుక్‌లో మీ పేరొక్కటే ఉన్నంత మాత్రాన మిగతావాళ్ల హక్కు పోదు. పెళ్లిలో కట్నం ఇచ్చాం కదా అంటే కూడా పోదు. అక్కలు, అమ్మగారు ఇష్టపడి వదులుకుంటే హక్కు విడుదల దస్తావేజు రాయించి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి. లేదంటే భాగపరిష్కారం చేసుకోండి. అది జరిగేదాకా మీరు వీలునామాలో రాయగలిగింది మీ 75 సెంట్ల గురించే. ఈ మాట అక్కలతో మీరు బతికుండగా, కూర్చుని మాట్లాడితే సులువు. రేపు మీ భార్య మాట్లాడాల్సి వస్తే ఆమెకు ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక వీలునామా. స్టాంపు పేపర్ అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. చేత్తో రాసినా, టైప్ చేయించినా చెల్లుతుంది. మీ సంతకాన్ని చూసిన ఇద్దరు సాక్షులు మీ ఎదుటే సంతకం చేయాలి. సాక్షులు మీకంటే చిన్నవాళ్లు, ఆస్తిలో వాటా లేనివాళ్లు అయితే మంచిది. రేపు కోర్టులో కనీసం ఒకరు వచ్చి చెప్పాల్సి ఉంటుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చేయించమనే నా సలహా. ఆ తర్వాత మనసు మారితే ఎన్నిసార్లయినా మార్చి రాయవచ్చు. చివరిగా రాసిందే చెల్లుతుంది.

ఒక్క వాక్యం దగ్గర మాత్రం చాలా జాగ్రత్తగా ఉండండి. మన దగ్గర దస్తావేజు రాసేవాళ్లు అలవాటుగా 'నా భార్య జీవితాంతం అనుభవించి, తదనంతరం నా కుమారునికి' అని రాసేస్తారు. అలా రాస్తే ఆమె వైద్యానికి డబ్బు కావాల్సి వచ్చినా ఇల్లు అమ్మే హక్కు ఉందా లేదా అన్నదే పెద్ద తగాదా అవుతుంది. ఆంధ్ర నుంచి వెళ్లిన తులసమ్మ కేసులో, మనోవర్తి కింద భార్యకు ఇచ్చిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కుగా మారుతుందని 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కానీ వీలునామా ద్వారా కొత్తగా ఇచ్చిన హక్కుకు అది వర్తిస్తుందా అన్న వాదనలు ఇప్పటికీ నడుస్తూనే ఉన్నాయి. మీ ఉద్దేశం ఆమెకు లోటు రాకూడదనే అయితే 'దానవిక్రయాది సంపూర్ణ హక్కులతో నా భార్యకు' అని ఇంటికి స్పష్టంగా రాయండి.

అమ్మాయికి ఏమీ ఇవ్వకపోతే కారణం ఒక్క మాట రాయండి. అమ్మగారి పోషణకు ఏం ఏర్పాటు చేశారో కూడా రాయండి. దగ్గరివాళ్ల ప్రస్తావన లేని వీలునామాను కోర్టులు అనుమానంగా చూస్తాయి. ఇంటి డోర్ నంబరు, సర్వే నంబరు, హద్దులు, బ్యాంకు ఖాతాలు వివరంగా వేయండి. ఇక మీదట సంపాదించేవి ఎవరికో ఒక వాక్యం చేర్చండి.

ఇప్పుడే పిల్లల పేరున గిఫ్ట్ డీడ్ రాసేద్దామన్న తొందర వద్దు. రిజిస్టర్ అయిన రోజే ఆస్తి మీ చేయి దాటిపోతుంది. వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ముందుగా నాన్నగారి కొనుగోలు దస్తావేజు, పొలానికీ ఇంటికీ ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) తీయించండి. అవి చూశాకే డ్రాఫ్ట్ మొదలుపెట్టాలి. వీలునామా ఒరిజినల్ ఎక్కడ పెట్టారో మీ భార్యకు చెప్పండి.