అక్షరం పెరిగిందా, తరిగిందా?

చి. వంశీకి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు పంపిన అమెరికా సెంట్ల ఫొటోలు చూశాను. అక్షరాలు రెండుగా కనిపిస్తున్నాయి, ఇవి విలువైనవేనా అని అడిగావు కదా. ఫోన్ ఫ్లాష్ వెలుగులో ఏ లోపమూ లేని నాణెం మీద కూడా నీడ పడి అక్షరం రెండుగా కనిపిస్తుంది రా. పది రెట్ల భూతద్దం ఒకటి కొనుక్కో. టేబుల్ ల్యాంప్ కింద నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూడు. వెలుగు మారగానే మాయమయ్యేది నీడే.

తిప్పినా పోకపోతే, అక్షరం ఉండాల్సినదానికంటే వెడల్పైందా, సన్నబడిందా అన్నది చూడు. నాణెం మీద బొమ్మ ముద్రించే ఉక్కు అచ్చును డై అంటారు. డై తయారుచేసేటప్పుడే దాని మీద బొమ్మ రెండోసారి కాస్త పక్కకు జరిగి దిగితే, ఆ డైతో కొట్టిన ప్రతి నాణెం మీదా అక్షరం వెడల్పవుతుంది. రెండు రూపాలూ ఉబ్బెత్తుగా ఉంటాయి, అక్షరాల కొసలు చీలినట్టు కనిపిస్తాయి. దీన్నే 'డబుల్ డై' అంటారు, అసలు డబ్లింగ్ ఇదే. ఫిలడెల్ఫియా టంకశాలలో 1955లో తయారైన ప్రసిద్ధ సెంటు ఇలాంటిదే. దాని మీద తేదీ, 'లిబర్టీ' భూతద్దం లేకుండానే రెండేసిగా కనిపిస్తాయి.

నీ ఫొటోల్లో ఎక్కువ అలాంటివి కావు. డై వదులై, దెబ్బ పడ్డాక కదిలితే, అప్పుడే లేచిన అక్షరం అంచును అణిచేస్తుంది. అక్కడ చదునుగా మెట్టులాంటిది మిగిలి అక్షరం సన్నబడుతుంది. అరిగిన నాణేల్లో ఆ మెట్టు ఒక్కోసారి మెరుస్తూ కొత్తవాళ్లను బాగా బోల్తా కొట్టిస్తుంది. విలువ మాత్రం సెంటే.

నీ 1955 సెంటు సంగతి వేరు. చివరి 5 పక్కనే మసక గీత ఉంది, అంచులు కరిగినట్టున్నాయి. అది అరిగిపోయిన డై పని. అమెరికాలో దాన్ని 'పేదవాడి డబుల్ డై' అంటారు. కొందరు అమ్మకందార్లు 'పేదవాడి' అన్న మాట మింగేసి అమ్ముతారు, జాగ్రత్త.

1982 నుంచి, 2025లో చలామణీ సెంట్ల తయారీ ఆగేదాకా, సెంటు లోపల జింకు పెట్టి, పైన పల్చగా రాగి పూత వేశారు. అక్షరం పక్కన పూత చిట్లి బూడిద రంగు గీత కనిపిస్తే దాని గురించి ఆలోచించకు. దెబ్బ తగిలి లోహం పక్కకు జరిగినవి సరేసరి, చుట్టూ గీతలే చెబుతాయి.

1990ల చివరి నుంచి డై మీదికి బొమ్మను ఒకే నొక్కులో దించుతున్నారు. అందుకే కొత్త సెంట్లలో అసలు డబ్లింగ్ ఎక్కువగా నాణెం మధ్యలో, చాలా చిన్నగా వస్తుంది. లింకన్ దుంగ మీద కూర్చుని చదువుకునే 2009 సెంటు దొరికితే చేతివేళ్లు లెక్కపెట్టు. ఒకటి ఎక్కువుంటే కడక్కు, రుద్దకు, అలాగే కవర్లో పెట్టు.

ఇట్లు,
బాబాయి